‘మా పన్ను డబ్బు’ సరే, లెక్క చూద్దామా?

దివ్యాంగుల పింఛన్లు, పన్నులు, ఉన్నవాళ్ల ఆస్తుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఏడు ఇవి. పింఛను నిబంధనల మీద సంక్షేమ పథకాలు క్షుణ్ణంగా తెలిసినవారు, పన్నుల మీద ఆడిటరు జవాబులిచ్చారు. రెండు మూడు ఉత్తరాల్లో ‘అవిటి’, ‘కుంటి’ లాంటి మాటలు తీసేశాం. కోపాన్ని మాత్రం అలాగే ఉంచాం.

ప్రశ్న: నెలకు 22 వేలు పన్ను కింద జీతంలోనే కోత పడుతోంది. అదంతా పింఛన్ల పేరుతో ఓట్లకు పోతోందని నా బాధ. మా వీధిలో రెండంతస్తుల ఇల్లున్న ఒకాయన కూడా దివ్యాంగ పింఛను తీసుకుంటున్నాడు. చూడ్డానికి నాకంటే బాగానే నడుస్తాడు. దీన్ని ఎవరూ అడగరా?
*— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి*

జవాబు: ముందు మీ 22 వేలు ఎటు పోతున్నాయో చూద్దాం. ఆదాయపు పన్ను కేంద్రం వసూలు చేసుకునేది. సెస్సు, సర్‌చార్జీ పక్కన పెట్టాక మిగిలినదాంట్లో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ కలిపి ఇవ్వాలన్నది 15వ ఆర్థిక సంఘం (2021–26) లెక్క. అందులో తెలంగాణ వాటా 2.102 శాతం. గుణించి చూడండి: సెస్సు పోగా మీరు కట్టిన 100 రూపాయల్లో ఈ దారిన తెలంగాణ ఖజానాకు చేరేది 86 పైసలు. ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం కాబట్టి అక్కడికైతే రూపాయి 66 పైసలు. ఉద్యోగుల జీతాలు, అప్పుల వడ్డీ, ఆసుపత్రులు, పింఛన్లు అన్నీ ఆ 86 పైసలను పంచుకోవాలి.

కేంద్రం నేరుగా ఇచ్చేది ఏమీ లేదా అంటే, ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, వైకల్యం 80 శాతం దాటిన 18–79 ఏళ్లవారికి ఇందిరా గాంధీ జాతీయ పథకం కింద నెలకు 300 రూపాయలు. 2012లో 200 నుంచి 300 చేశారు, అక్కడే ఆగింది. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగులకు ఇస్తున్న 4,016 రూపాయల్లో మిగతాదంతా రాష్ట్రం సొంతంగా తెచ్చుకోవాల్సిందే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వికలాంగులకు సాయం రాష్ట్రాల జాబితాలో ఉంది, తొమ్మిదో అంశం. రాష్ట్రం సొంత రాబడి అంటే జీఎస్టీలో వాటా, పెట్రోలు మీద వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పింఛనుదారూ మీతోపాటే కడుతున్నాడు. ఆయన కట్టింది జీతం స్లిప్పులో కనబడదు, అంతే తేడా.

ఇక ఆ రెండంతస్తుల ఇల్లు. ఆసరా నిబంధనల్లో 3 ఎకరాల మాగాణి లేదా 7.5 ఎకరాల మెట్ట దాటినవారు, సర్కారు ఉద్యోగులు, పెద్ద వ్యాపారులు, కారు లారీ ఉన్నవారు అనర్హులు. ఇల్లు ఆయనదా, అన్నదమ్ములదా, పైవాటా అద్దెకుందా అన్నది బయటినుంచి తేలదు. ‘బాగానే నడుస్తాడు’ అన్నదీ అంతే. దివ్యాంగుల హక్కుల చట్టం (2016)లో వైకల్యాలు 21. హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్, మానసిక జబ్బు, వినికిడి లోపం నడకలో కనబడవు.

నిజంగానే దొంగ సర్టిఫికెట్ అని మీ దగ్గర ఆధారముంటే మున్సిపల్ కమిషనర్‌కు, పల్లెలో అయితే ఎంపీడీఓకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మోసంతో లబ్ధి పొందితే ఆ చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో పెట్టి ఎగతాళి చేయడం మాత్రం వద్దు. దివ్యాంగుణ్ని నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్. దానికి కనీస శిక్షే ఆరు నెలలు.

ప్రశ్న: నా భర్తకు వెన్నుపూస దెబ్బతిని నడుము కింద పనిచేయదు. 15 వేల పింఛను వస్తోంది. ‘కూర్చోబెట్టి పదిహేను వేలు, మీ పనే బాగుంది’ అని ఇరుగుపొరుగు నా మొహం మీదే అంటున్నారు. ఈ మధ్య పింఛన్లు మళ్లీ పరీక్షించి తీసేస్తున్నారని విన్నాను. మాకూ నోటీసు వస్తే ఏం చేయాలి?
*— ఒక గృహిణి, నంద్యాల జిల్లా*

జవాబు: అమ్మా, ఆ పదిహేను వేలు ఎక్కడ ఖర్చవుతున్నాయో ఒక్కసారి కాగితం మీద పెడదాం. రోజుకు మూడు పెద్దవాళ్ల డైపర్లు, ఒక్కోటి 35 రూపాయలనుకుంటే నెలకు 3,150. ఆయన్ను వదిలి మీరు పనికి పోలేరు. ఉపాధి హామీ కూలి 2025–26లో 307 రూపాయలు. నెలకు 20 రోజుల పని పోయిందనుకున్నా 6,140. ఈ రెండింటికే 9,290 అయింది. యూరిన్ పైపులు, పుండ్లకు డ్రెస్సింగు, ఆసుపత్రికి ఆటో, ఆయన సంపాదనే ఆగిపోవడం ఇంకా లెక్కలోకి రాలేదు. అనేవాళ్లకు ఈ కాగితం చూపించాల్సిన పని లేదు. మీ మనసులో ఉంటే చాలు.

ఇక నోటీసు సంగతి. ఎన్టీఆర్ భరోసాలో 2024 జులై నుంచి దివ్యాంగులకు 6,000, మంచానికో వీల్‌ఛెయిర్‌కో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. మొత్తం పెరిగాక తనిఖీలూ పెరిగాయి. 2025 జనవరిలో 15 వేల పింఛనుదారుల ఇళ్లకు డాక్టర్ల బృందాలు వెళ్లాయి, తర్వాత మిగతావారినీ పిలిచారు. 40 శాతం లోపు తేలినవారికి రద్దు నోటీసులు వెళ్లాయి, కొందరిని 15 వేల నుంచి 6 వేలకు మార్చారు.

నోటీసు చేతికి రాగానే తీసుకున్న తేదీ దాని మీదే రాసుకోండి. పరీక్షకు పిలిస్తే వెళ్లకుండా ఉండొద్దు. వాయిదాకు రాలేదని పింఛను ఆపిన కేసులే తిరిగి సరిచేయించుకోవడానికి ఎక్కువ తిప్పుతాయి. కదిలించలేని స్థితిలో ఉంటే, ఇంటికి రావాలని సచివాలయంలో రాసిచ్చి రసీదు తీసుకోండి. పాత సదరం సర్టిఫికెట్, ఆధార్, నోటీసు, ప్రమాదం నాటి డిస్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ రిపోర్టు ఒకే ఫైలులో పెట్టండి. ఎక్కువమంది చేసే పొరపాటు సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకెళ్లడం. కొత్తగా చూసే డాక్టరుకు పాత శాతం సాక్ష్యం కాదు, స్కానింగులే సాక్ష్యం. వాటితోపాటు మందుల చీటీలు, కాళ్లలో స్పర్శ ఎక్కడిదాకా ఉందో రాసిన న్యూరో డాక్టరు చీటీ ఉంటే ఇంకా మంచిది.

శాతం తగ్గిందనిపిస్తే రెండు దార్లు. పింఛను మీద అప్పీలు ఎంపీడీఓ లేదా మున్సిపల్ కమిషనర్ దగ్గర. సర్టిఫికెట్ శాతం మీద అప్పీలు 2016 చట్టం 59వ సెక్షన్ కింద రాష్ట్రం నియమించిన అధికారి దగ్గర. ఈ రెండూ ఒకటే అనుకుని ఒకచోటే ఇచ్చి ఊరుకునేవాళ్లు చాలామంది.

శాతాల లెక్క కూడా తెలిసి ఉండాలి, గొడవలన్నీ ఇక్కడే. రెండు వైకల్యాలుంటే శాతాలు నేరుగా కలపరు. ఒకటి 40, ఇంకోటి 30 అయితే 70 అనుకుంటాం. ప్రభుత్వ సూత్రం ప్రకారం 90లోంచి పెద్ద అంకె 40 తీసేస్తే 50. ఆ 50ని 30తో గుణించి 90తో భాగిస్తే 16.67. దాన్ని 40కి కలిపితే 56.67. అలాగే ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే వస్తుంది, పింఛనుకు చాలదు. ‘డాక్టరు డబ్బులు అడిగాడు, ఇవ్వలేదని తగ్గించాడు’ అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఈ లెక్క తెలియకపోవడమే. కొన్నింటికి మాత్రమే, అన్నింటికీ కాదు.

40 లోపే తేలినా వయసు 60 దాటి ఉంటే 4,000 వృద్ధాప్య పింఛనుకు మార్చమని అదే అర్జీలో అడగండి. మీకు కాకపోయినా మీ ఊళ్లో ఎవరికైనా పనికొస్తుంది.

ప్రశ్న: నాకు పోలియో, 70 శాతం. పింఛను అర్జీ పెడితే ‘మీ ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు ఉన్నారు’ అని తిరగ్గొట్టారు. మా తమ్ముడు బైకు లోను కోసం రిటర్న్ వేశాడు, ఒక్క రూపాయి పన్ను కట్టలేదు. వాడి పెళ్లై వేరే కాపురం కూడా. నేను ధనికుణ్ని ఎలా అయ్యాను?
*— పాఠకుడు, తెనాలి*

జవాబు: ఈ విధానపు అసలు లోపం మీ ప్రశ్నలోనే బయటపడింది. ప్రభుత్వం ‘ఉన్నవాడా, లేనివాడా’ అని మనిషిని చూడదు, కుటుంబాన్ని చూస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఆరు అంచెల పరిశీలన అంటారు. ఇంటి ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్టణంలో 12 వేలు దాటకూడదు. భూమి మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాల లోపుండాలి. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు. సర్కారు ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు ఉండకూడదు. అన్న సంపాదిస్తే చెల్లెలి చేతికి డబ్బు అందుతుందన్నది ఈ లెక్కల వెనకున్న నమ్మకం. పెళ్లి కాని దివ్యాంగుల విషయంలో అది ఎంత నిజమో పల్లెటూళ్లో ఎవరినడిగినా చెబుతారు.

మీరు చేయాల్సింది ఇది. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర మీ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ తీయించి చూడండి. తమ్ముడు ఇంకా మీ కుటుంబంలోనే కనబడుతుంటాడు. పెళ్లి ధ్రువపత్రం, వేరే చిరునామాతో ఆధార్ పెట్టి విడదీయమని అర్జీ ఇవ్వండి. రేషన్ కార్డులోనూ వేరు చేయించాలి, లేకపోతే మళ్లీ అతుక్కుంటుంది. తర్వాత తమ్ముడి రిటర్న్ రసీదు, 143(1) కింద ఆదాయపు పన్ను శాఖ పంపిన ఇంటిమేషన్ ప్రింటు జత చేయండి. అందులో కట్టాల్సిన పన్ను సున్నా అని స్పష్టంగా ఉంటుంది. రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. నిబంధన పన్ను కట్టేవారి గురించే.

కరెంటు దగ్గర తిరస్కరిస్తే మీటరు ఎవరి ఆధార్‌కు అతికించారో చూడండి. అద్దెకున్నవాళ్ల మీటరు యజమాని పేరనో, పది గదుల ఇంటి మీటర్లన్నీ ఒకరి పేరనో ఎక్కడం మామూలే. విద్యుత్ సెక్షన్ ఆఫీసులో సీడింగ్ సరిచేయించి, ఆ రసీదు సచివాలయంలో ఇవ్వాలి. భూమి సంగతైతే తహసీల్దారు కార్యాలయం.

ప్రశ్న: నా జీతం ఏడాదికి 14 లక్షలు. మా బాబుకు సెరిబ్రల్ పాల్సీ, 90 శాతం. ఆఫీసులో కొత్త పన్ను విధానం ఎంచుకోమంటున్నారు. అందులో బాబు కింద వచ్చే మినహాయింపు ఉండదట కదా? ఏది మేలు?
*— ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్*

జవాబు: పాత విధానంలో 80డీడీ కింద ఆధారపడిన దివ్యాంగుడి కోసం వైకల్యం 40 శాతం నుంచి ఉంటే 75 వేలు, 80 నుంచి ఉంటే లక్షా 25 వేలు ఆదాయంలోంచి తీసేస్తారు. వైద్యానికో పోషణకో ఖర్చు చేస్తుంటే చాలు, ఎంత ఖర్చయినా ఇదే మొత్తం. కొత్త విధానంలో ఇది లేదు.

2025–26కు మీ లెక్క వేద్దాం. కొత్తదానిలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 13.25 లక్షలు. స్లాబుల ప్రకారం 78,750, సెస్సుతో 81,900. పాతదానిలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సీ లక్షన్నర, బాబు కింద లక్షా 25 వేలు తీస్తే 10.75 లక్షలు మిగులుతుంది. పన్ను సెస్సుతో 1,40,400. గృహరుణ వడ్డీ 2 లక్షలు, ఆరోగ్య బీమా 25 వేలు కూడా తగిలించినా 85,800. అంటే అన్నీ కలిపినా కొత్తదే తక్కువ. ఇంటి అద్దె మినహాయింపు గట్టిగా ఉంటేనే పాతదాని వైపు చూడండి.

పాతదే ఎంచుకుంటే సెరిబ్రల్ పాల్సీకి మామూలు సర్టిఫికెట్ చాలదు. ఫారం 10-ఐఏలో న్యూరాలజిస్టుతోనో, సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్‌తోనో రాయించి, ఆన్‌లైన్‌లో దాఖలు చేసి ఆ నంబరు రిటర్న్‌లో వేయాలి. మళ్లీ పరీక్షించాలని గడువు తేదీ వేసిన సర్టిఫికెట్ అయితే ఆ గడువు ముగిసే ఆర్థిక సంవత్సరం దాకే చెల్లుతుంది. 2026 ఏప్రిల్ నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి అప్పటి ఆదాయానికి సెక్షన్ నంబర్లు, ఫారాలు మారతాయి. ఆడిటరును అడిగి వేయండి.

కూకట్‌పల్లి పాఠకుడు కూడా చూడాల్సిన సంగతి ఒకటుంది. పాత విధానంలో 30 శాతం స్లాబులో ఉన్నవారికి ఈ లక్షా 25 వేల మినహాయింపు వల్ల మిగిలే పన్ను ఏడాదికి 39,000. 20 శాతం స్లాబులో 26,000. పన్ను కట్టేంత ఆదాయమే లేనివాడికి సున్నా. అదే 80 శాతం గీత దాటిన నిరుపేదకు కేంద్రం ఇచ్చేది 300 చొప్పున ఏడాదికి 3,600. రెండూ ఒకే ఖజానా నుంచి ఒకే కారణానికి ఇస్తున్న సాయాలే. ఒకదాన్ని ‘మినహాయింపు’ అంటాం, రెండోదాన్ని ‘ఉచితం’ అంటాం.

ప్రశ్న: సంపన్నుల మీద ఆస్తి పన్ను వేస్తే దివ్యాంగులకు పది వేలు ఇవ్వొచ్చని కొందరు, వేస్తే వాళ్లు దేశం వదిలి పోతారని కొందరు. ఏది నిజం?
*— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కాకినాడ*

జవాబు: మాస్టారూ, మన దేశంలో ఆ పన్ను ఉండేది. సంపద పన్ను 1957లో వచ్చి 2015లో పోయింది. చివర్లో 30 లక్షలు దాటిన ఆస్తి మీద 1 శాతం. 2013–14లో దేశం మొత్తం మీద వసూలైంది 1,008 కోట్లని దాన్ని ఎత్తేసేటప్పుడు ఆర్థిక మంత్రి బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్ని రకాల పింఛన్లకు ఇప్పుడు నెలకు అయ్యేది సుమారు 2,700 కోట్లు. అంటే దేశపు ఏడాది సంపద పన్ను ఒక్క రాష్ట్రపు పింఛన్లకు పదకొండు రోజులు.

అయితే దీన్నిబట్టి సంపన్నుల దగ్గర డబ్బు లేదనుకోకండి. 1993 నుంచి షేర్లు, బాండ్లు, బ్యాంకు డిపాజిట్లు ఈ పన్నులో లేవు. మిగిలినవి నగలు, కార్లు, రెండో ఇల్లు, పట్టణ స్థలాలు. కోటీశ్వరుడి ఆస్తి ఉండేది షేర్లలో. బంగారం మీద వేసి షేర్లను వదిలేసిన పన్నుకు అంతకంటే ఎక్కువ రాదు. వారసత్వపు ఎస్టేట్ డ్యూటీ కథా ఇంతే. 1953లో వచ్చింది, కాగితం మీద గరిష్ఠ రేటు 85 శాతం దాకా వెళ్లింది, ఖర్చుకు తగ్గ వసూలు లేదని 1985లో ఎత్తేశారు.

పారిపోతారన్న వాదన తేల్చడం కష్టం. వదులుకున్నది ఎంతో మాత్రం కాగితం మీదే ఉంది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి దించినప్పుడు ఏడాదికి లక్షా 45 వేల కోట్ల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే అంచనా చెప్పింది. వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు అందరికీ కలిపి జాతీయ సామాజిక సహాయ కార్యక్రమానికి 2025–26 కేంద్ర బడ్జెట్లో ఇచ్చింది 9,652 కోట్లు. అంతకుముందు ఏడాదీ అదే అంకె. కొరత డబ్బుదని నేననుకోను.

ప్రశ్న: దివ్యాంగుల కోటాలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఆసరా ఇంకా ఖాతాలో పడుతోంది. వాళ్లే ఆపుతారులే అని ఊరుకోవచ్చా?
*— పాఠకురాలు, సూర్యాపేట*

జవాబు: ఊరుకోవద్దు. ఎంపీడీఓకు నియామక పత్రం నకలుతో రాసిచ్చి, రసీదు దాచుకోండి. చేరిన తర్వాత పడ్డ సొమ్ము ముట్టుకోకుండా ఉంచండి, తిరిగి కట్టమంటే కట్టాలి. మీ పేరు జాబితాలో ఉన్నన్నాళ్లూ పైన కూకట్‌పల్లి పాఠకుడి అనుమానానికి మీరే ఆధారం అవుతారు. ఉద్యోగంలో చేరాక అస్థి వైకల్యం, అంధత్వం లాంటివాటికి నెలకు 3,200 దాకా రవాణా భత్యం మీద పన్ను ఉండదు, కొత్త విధానంలోనూ. జీతాల సెక్షన్‌లో అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పడం అరుదు.

ప్రశ్న: వీల్‌ఛెయిర్ మీద జీఎస్టీ ఏమిటి? నడవడానికి పన్నా?
*— పాఠకుడు, శ్రీకాకుళం*

జవాబు: 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు దివ్యాంగుల సంఘాలు అడిగిందీ ఇదే. వీల్‌ఛెయిర్, చంకకర్రలు, కృత్రిమ అవయవాల మీద 5 శాతం ఉంది. వినికిడి యంత్రాల మీద లేదు. పూర్తిగా ఎత్తేస్తే ఇక్కడి తయారీదారు ఉక్కు మీద, టైర్ల మీద కట్టిన పన్ను తిరిగి రాదు, దిగుమతి సరుకు చవకవుతుంది అన్నది ప్రభుత్వం జవాబు. తర్కం తప్పు కాదు. కానీ ఆ భారం తయారీదారుకు సబ్సిడీగా ఇచ్చి కూడా తీర్చవచ్చు, కొనేవాడి బిల్లు మీదే వేయాలని లేదు.

కొనేముందు దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర పథకం ఏడిప్ చూడండి. నెల ఆదాయం 22,500 లోపుంటే పరికరం ఉచితం, 30 వేల దాకా సగం ధర. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, ఆదాయ పత్రంతో జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖలో పేరు రాయించుకోవాలి, ఈ పరికరాలు చేసే కేంద్ర సంస్థ అలిమ్‌కో శిబిరం పెట్టినప్పుడు కొలతలు తీసుకుంటారు. బజారులో కొంటే బిల్లు మీద సరుకు రకం తెలిపే హెచ్ఎస్ఎన్ కోడ్ 8713 ఉందో లేదో చూడండి, దాని విడిభాగాలకు 8714. మోటారు కుర్చీకి తర్వాత విడిగా బ్యాటరీ కొంటే మాత్రం 18 శాతం పడుతుంది. కుర్చీతో కలిపి ఒకే బిల్లులో ఇవ్వమని ముందే మాట్లాడుకోండి.